ఏ గడిలో దొరికిన పేరు?

ధూళిమిట్ట అనే పేరును పాత, కొత్త రికార్డుల్లో వెతికి చూడండి. ఒక చోట అది ఊరు, ఇంకో చోట మండలం. ఒక కాగితం మీద వరంగల్ జిల్లా మద్దూరు మండలం అని ఉంటుంది, మరో కాగితం మీద సిద్దిపేట జిల్లా అని ఉంటుంది. అన్నీ నిజమే. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మద్దూరు మండలం వరంగల్ నుంచి సిద్దిపేటలోకి వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకు ధూళిమిట్ట మద్దూరు నుంచి విడివడి తానే మండల కేంద్రమైంది. అదే మండలంలోని బైరాన్‌పల్లిది ఇంకా పొడుగైన కథ. 1948 ఆగస్టు 27న రజాకార్లు విరుచుకుపడి ఊరివాళ్లను వరసగా నిలబెట్టి కాల్చిన నాటికి అది నల్లగొండ జిల్లా, జనగామ తాలూకా. తర్వాత వరంగల్. ఇప్పుడు సిద్దిపేట. ఊరు ఉన్నచోటే ఉంది, ఊరి బురుజు కూడా ఉన్నచోటే ఉంది. మూడు జిల్లాల కింద మూడుసార్లు ఈ పేరు చూసిన పరాయి ఊరి మనిషి మూడు బైరాన్‌పల్లులు ఉన్నాయనుకుంటే తప్పు అతనిది కాదు. ఏది ఏనాటి మాటో పక్కన రాయనివాళ్లది.

పేరు దొరకడం వేరు, దొరికిన పేరు ఏమిటో తెలియడం వేరు. ఈ తేడా నాకు బాగా తలకెక్కింది భూమి రికార్డుల దగ్గర కాదు, సాఫ్ట్‌వేర్ దగ్గర.

మా అన్న బిడ్డ ప్రోగ్రామర్. సిద్దిపేటలో 2023లో ఐటీ టవర్ తెరిచాక, ఇంటికి దగ్గరగా ఉంటూ ఈ పని చేసుకోవచ్చన్న ధైర్యం మా వైపు పిల్లలకు వచ్చింది. ఆమె ఒక చిన్న కంపెనీలో చేరింది. ఒక రాత్రి పదకొండింటికి ఫోన్.

"చిన్నాయనా, ఒక్క పేరు మార్చిన. మొత్తం ఆగమైంది."

"ఏం పేరు బిడ్డా?"

"స్టేటస్. దాన్ని ఆర్డర్ స్టేటస్ అని మార్చిన. వెతికితే నూట నలభై చోట్ల దొరికింది. అన్ని చోట్ల మార్చిన."

"ఆ నూట నలభై ఒక్కటేనా?"

కాసేపు మాట లేదు. "ఒక్కటే అనుకున్న" అంది.

ఒక్కటి కాదు. కొన్ని చోట్ల అది ఆమె మార్చాలనుకున్న వేరియబులే. కొన్ని చోట్ల వేరే క్లాసులో ఉన్న, దీనితో చుట్టరికమే లేని ఇంకో స్టేటస్. కొన్ని చోట్ల ఎవరో రాసుకున్న కామెంట్. రెండు చోట్ల మాత్రం కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న స్ట్రింగ్, అంటే బయట ఉన్న ఇంకో కంప్యూటర్‌తో మాట్లాడుకునే సంకేత పదం. ఆ రెండూ మారడంతో అవతలి కంప్యూటర్‌కు ఇవతలి మాట అర్థం కాలేదు. ఆర్డర్లు ఆగిపోయాయి. ఆమె వాడిన వెతుకులాట పెట్టె ఈ నూట నలభైనీ ఒకే వరసలో, ఒకే రంగులో, ఒకే పొడుగు పంక్తులుగా చూపించింది. తప్పు అందరూ ఆ పిల్ల మీద వేశారు. నేనైతే సగం తప్పు ఆ వరస మీద వేస్తాను.

సోర్స్ కోడ్ అంటే ప్రోగ్రామర్లు రాసే మూలపాఠం. దాన్ని రాసే సమయం కంటే చదివే సమయం ఎక్కువ. చదవడమంటే నవల చదివినట్టు మొదటి పేజీ నుంచి చివరిదాకా పోవడం కాదు, వెతుక్కుంటూ దూకడం. లైనక్స్ కెర్నల్ ఒక్కటే 3 కోట్లకు పైగా పంక్తులు. ఎవరూ అంతా చదవరు, చదవలేరు. 2015లో గూగుల్‌లో జరిగిన ఒక అధ్యయనంలో 27 మంది డెవలపర్లను గమనిస్తే, ఒక్కొక్కరు పనిరోజుకు సగటున 12 సార్లు కోడ్‌లో ఏదో ఒకటి వెతుకుతున్నారని తేలింది. రోజుకు పన్నెండుసార్లు చేసే పనిలో ఫలితం పక్కన ఒక మాట లేకపోతే, ఆ మాటను రోజుకు పన్నెండుసార్లు మనిషి తనంతట తానే ఊహించుకోవాలి.

మా వైపు దీనికి సరిగ్గా సరిపోయే పోలిక పహాణీ. పట్వారీ రాసిన పహాణీలో, అంటే ఊరి భూముల లెక్కలో, పట్టాదారుకు ఒక గడి, అనుభవదారుకు ఇంకో గడి. భూమి ఎవరి పేర ఉందో మొదటిది చెబుతుంది, దున్నుకుంటున్నది ఎవరో రెండోది చెబుతుంది. ఒకే మనిషి పేరు ఒక సర్వే నంబరు దగ్గర పట్టాదారు గడిలో, మరో నంబరు దగ్గర అనుభవదారు గడిలో ఉండొచ్చు. ఇప్పుడు ఎవరైనా ఆ పేరున్న పేజీలన్నీ జిరాక్సు తీసి, గడుల తలకట్టు కత్తిరించి మన చేతిలో పెట్టారనుకోండి. పేరు అన్నిట్లోనూ కనిపిస్తుంది. హక్కు ఏ కాగితంలో ఉందో మాత్రం తెలియదు. దానికి తోడు ఏ ఏడాది పహాణీ అన్న ప్రశ్న. భూమి తగాదా వచ్చిందంటే పెద్దవాళ్లు 1954-55 ఖాస్రా పహాణీ తీయమనేది అందుకే. పేరు, గడి, ఏడాది మూడూ కలిస్తేనే అది ఆధారం.

కోడ్‌లో గడులేమిటో చూద్దాం. పైథాన్ భాష మూడో వెర్షన్ నుంచి, అంటే 2008 నుంచి, వేరియబుళ్లకు తెలుగు పేర్లు కూడా పెట్టనిస్తుంది. కూలి లెక్క కట్టే మూడు పంక్తులు ఇలా రాయొచ్చు:

మొత్తం = 0
మొత్తం = మొత్తం + కూలి
చూపు(మొత్తం)

"మొత్తం" అని వెతికితే నాలుగుసార్లు దొరుకుతుంది. మొదటి పంక్తిలో ఆ పేరు పుడుతోంది. రెండో పంక్తిలో బరాబర్ గుర్తుకు ఎడమవైపున్నది కొత్త విలువను రాసుకుంటోంది, కుడివైపున్నది పాత విలువను చదువుతోంది. మూడో పంక్తిలో మళ్లీ చదవడమే. అక్షరాలు చూస్తే నాలుగూ కవలలు. చేసే పని చూస్తే పుట్టుక ఒకటి, రాత ఒకటి, చదువు రెండు. లెక్క తప్పు వస్తోంది, ఎక్కడ పాడవుతోందో చూడాలి అనుకునేవాడికి రాసే చోట్లు కావాలి. ఈ పేరు తీసేస్తే ఎవరికి ఇబ్బందో చూడాలి అనుకునేవాడికి చదివే చోట్లు కావాలి. ఇక్కడ మూడే పంక్తులు కాబట్టి కంటితో తేల్చుకున్నాం. మూడు వేల ఫైళ్లలో కంటితో తేలదు.

సీ లాంటి భాషల్లో ఇంకో చిక్కు ఉంది. ఇలాంటి ఫంక్షన్ ఒకటుంది, ఇన్ని విలువలు తీసుకుంటుంది అని మాత్రం చెప్పేది డిక్లరేషన్. ఆ ఫంక్షన్ నిజంగా ఏం చేస్తుందో చెప్పేది డెఫినిషన్. పెళ్లి శుభలేఖకూ పెళ్లికీ ఉన్నంత తేడా. శుభలేఖలు వంద పంచినా పెళ్లి ఒక్కటే. ఫలితాల్లో వంద శుభలేఖల మధ్య పెళ్లిపందిరి ఎక్కడో చెప్పకపోతే వెతికేవాడు ప్రతి ఇంటి తలుపూ తట్టాలి.

ఈ తలుపులు తట్టే పనిని తగ్గించడానికి యాభై ఏళ్లుగా పనిముట్లు వస్తూనే ఉన్నాయి. 1973లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన గ్రెప్ వాటిలో పెద్దది, ఇప్పటికీ రోజూ పనిచేసేది. అది ఫైలు పేరు చెబుతుంది, కావాలంటే పంక్తి సంఖ్య చెబుతుంది, పంక్తిని చూపుతుంది. ఇంకేమీ చెప్పదు. గ్రెప్‌ను నేను తప్పుపట్టను. ఈ అక్షరాలు ఈ పంక్తిలో ఉన్నాయి అన్నంత వరకే దాని మాట, ఆ మాట మీద అది నిలబడుతుంది. చిక్కంతా గ్రెప్ చేసినంత పనే చేసి, అంతకంటే ఎక్కువ తెలిసినట్టు కనిపించే పనిముట్లతోనే.

ఆ దశాబ్దం చివర్లో కెన్ ఆర్నాల్డ్ బర్క్‌లీ యూనిక్స్ కోసం సీట్యాగ్స్ రాశాడు. అది కోడ్ మొత్తాన్ని ఒకసారి చదివి, ఏ పేరు ఏ ఫైల్లో పుట్టిందో అక్షరక్రమంలో ఒక పట్టిక రాసి పెడుతుంది. పుస్తకం చివర పదసూచిక లాంటిది. తర్వాత డారెన్ హైబర్ట్ దాన్ని కొత్తగా రాసినప్పుడు పట్టికలో ప్రతి పేరు పక్కన ఒక చిన్న సంకేతం చేరింది. ఫంక్షన్‌కు ఎఫ్, వేరియబుల్‌కు వీ, మాక్రోకు డీ, స్ట్రక్చర్‌కు ఎస్, దాని లోపలి సభ్యుడికి ఎం. ఒక్క అక్షరమే. కానీ విమ్ ఎడిటర్‌లో ఒకే పేరుతో ఏడు ఫలితాలు వచ్చినప్పుడు, ఆ ఒక్క అక్షరం చూసి ఆరింటిని తెరవకుండానే పక్కన పెట్టొచ్చు.

మన నిఘంటువులు ఈ కిటుకును ఎప్పుడో కనిపెట్టాయి. శబ్దరత్నాకరం గానీ సూర్యరాయాంధ్ర నిఘంటువు గానీ తెరవండి. మాట పక్కన "వి." అని ఉంటే విశేష్యం, "క్రి." అని ఉంటే క్రియ, "విణ." అని ఉంటే విశేషణం. ఆ చిన్న పొడిఅక్షరం లేకపోతే "పాడు" అన్న మాట దగ్గర మనం పాట పాడాలో, పాడుబడాలో తెలియదు. ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటు శోధన ఇంకో అడుగు వేసింది. ఒక మాట వెతికితే వచ్చే అర్థాలను ఒక కుప్పగా పోయదు. ఏ అర్థం ఏ నిఘంటువులోదో తలపై రాసి చూపుతుంది. బ్రౌన్ చెప్పిన అర్థం బ్రౌన్ పేరు కింద, సీతారామాచార్యులు చెప్పినది ఆయన శబ్దరత్నాకరం పేరు కింద. 19వ శతాబ్దపు అర్థాన్ని నేటి వాడుక అనుకుని పొరబడే ప్రమాదం ఆ ఒక్క తలకట్టుతో తప్పుతుంది. కోడ్ వెతికే పనిముట్లు రాసేవాళ్లందరికీ ఆ పేజీ చూపించాలని నాకు చాలాసార్లు అనిపించింది.

సీట్యాగ్స్ పేరు పుట్టిన చోటు చూపింది. వాడిన చోట్ల సంగతి? దానికి బెల్ ల్యాబ్స్‌లోనే జో స్టెఫెన్ 1980ల మొదట్లో సీస్కోప్ రాశాడు. దాని తెర మీద ముందు ప్రశ్నలు కనిపిస్తాయి. ఈ పేరు ఎక్కడ నిర్వచించారు? ఈ ఫంక్షన్‌ను పిలిచేవి ఏవి? ఇది పిలిచేవి ఏవి? ఈ అక్షరాలు ఎక్కడున్నాయి? ఈ ఫైలును ఎవరు కలుపుకున్నారు? ప్రశ్నను ఎంచుకున్నాకే ఫలితం వస్తుంది కాబట్టి, ఫలితానికి ప్రశ్నే లేబుల్. ఇది గొప్ప ఆలోచన. పైగా ఫలితాల పట్టికలో ఫైలుకూ పంక్తికీ మధ్య ఇంకో గడి ఉంది. ఆ పంక్తి ఏ ఫంక్షన్ లోపల ఉందో ఆ గడి చెబుతుంది. ఊరు, ఇంటి నంబరు చెప్పి ఊరుకోకుండా ఏ వాడో కూడా చెప్పడం లాంటిది ఇది. తెలిసినవాళ్లు సగం పని అక్కడే ముగించుకుంటారు.

లైనక్స్ కెర్నల్ కోడ్‌ను వెబ్‌లో చదువుకోవడానికి బూట్లిన్ సంస్థ నడిపే ఎలిక్సిర్ అనే పేజీ ఉంది. దానికి ముందు నార్వేలో పుట్టిన ఎల్ఎక్స్ఆర్ ఇదే పని చేసేది. ఎలిక్సిర్‌లో ఒక పేరు మీద నొక్కితే జవాబు కుప్పగా రాదు. ఇన్ని ఫైళ్లలో ఫంక్షన్‌గా నిర్వచించారు, ఇన్ని ఫైళ్లలో ప్రోటోటైప్‌గా, అంటే డిక్లరేషన్‌గా ఉంది, ఇన్ని ఫైళ్లలో మాక్రోగా ఉంది, ఇన్ని ఫైళ్లలో వాడారు అని తలకట్లు వేసి వస్తుంది. రంగుల హంగులేమీ లేని పేజీ. అయినా కెర్నల్ మీద పనిచేసే కుర్రాళ్లు దాన్ని వదలకపోవడానికి ఆ తలకట్లే కారణమని నా నమ్మకం.

2001లో వచ్చిన ఇంటెల్లిజే, ఎక్లిప్స్ లాంటి పెద్ద ఎడిటర్లు కోడ్‌ను అక్షరాలుగా కాక, కంపైలర్ చదివినట్టు చదవడం మొదలుపెట్టాయి. ఎక్లిప్స్‌లో జావా వేరియబుల్‌ను చదివిన చోట్లు మాత్రమే, లేదా రాసిన చోట్లు మాత్రమే చూపమని అడగొచ్చు. ఇంటెల్లిజే వాడుకలన్నిటినీ వెతికి, విలువ చదివినవి, విలువ రాసినవి, కామెంట్లలోవి, స్ట్రింగులలోవి అని వేరు వేరు గుంపులుగా పెడుతుంది. మా అన్న బిడ్డకు ఆ రాత్రి దొరకని పట్టిక సరిగ్గా ఇదే. ఇరవై ఏళ్ల కిందటే తయారైన పట్టిక.

మరి అందరికీ ఎందుకు అందలేదు? ఇక్కడ కొంచెం ఆగాలి.

2016 జూన్‌లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ను ప్రకటించాయి. అప్పటిదాకా ప్రతి ఎడిటర్‌కూ ప్రతి భాష విడివిడిగా నేర్పాలి. పది ఎడిటర్లు, ఇరవై భాషలు అంటే రెండు వందల జతలు. ప్రోటోకాల్ వచ్చాక భాష తెలిసిన ప్రోగ్రామ్ ఒకటి సర్వర్‌గా కూర్చుంటుంది. ఏ ఎడిటర్ అయినా దాన్ని ఒకే పద్ధతిలో అడుగుతుంది. ఇది నిజంగా పెద్ద మేలు. చిన్న ఎడిటర్లకు, చిన్న భాషలకు ఊపిరి వచ్చింది. కానీ ప్రోటోకాల్‌లో రిఫరెన్సులు, అంటే ఒక పేరును వాడిన చోట్లు, అడిగినప్పుడు సర్వర్ ఏం పంపాలో చూడండి. స్థానాల జాబితా. ఒక్కో స్థానానికి ఫైలు చిరునామా, మొదలూ చివరా. అంతే. ఇది చదివిన చోటా, రాసిన చోటా అని చెప్పడానికి ఆ జాబితాలో గడి లేదు. డిక్లరేషన్‌ను కలపాలా వద్దా అని అడిగేవాడు ముందే చెప్పొచ్చు. కలిపితే మాత్రం మిగతావాటితో పాటు అదీ ఒక స్థానంగానే వస్తుంది, దాని నుదుటి మీద ఏ బొట్టూ ఉండదు.

విచిత్రమేమిటంటే అదే ప్రోటోకాల్‌లో ఇంకో అభ్యర్థన ఉంది. కర్సర్ పెట్టిన పేరును ఈ ఒక్క ఫైల్లో ఎక్కడెక్కడుందో వెలిగించి చూపమని అడిగేది. దాని జవాబులో మాత్రం 1 అంటే ఉత్త అక్షరాల పోలిక, 2 అంటే చదవడం, 3 అంటే రాయడం అని రకం పంపే వీలుంది. అంటే ఒక ఫైలు లోపల చెప్పగలిగిన సంగతిని, ప్రాజెక్టు మొత్తం మీద అడిగితే పంపడానికి చోటు లేదు. చాలా సందర్భాల్లో సర్వర్‌కు తెలుసు. దారిలో గడి లేక ఆ సంగతి రాలిపోతోంది. పట్వారీకి తెలిసి, పహాణీలో గడి లేక రాయకుండా పోయిన సంగతిలా.

ఈ లోటును ఇంకో వైపు నుంచి పూడ్చేవాళ్లున్నారు. సోర్స్‌గ్రాఫ్ సంస్థ 2022లో తెచ్చిన స్కిప్ అనే ఇండెక్స్ పద్ధతిలో, ఒక పేరు కనిపించిన ప్రతి చోటుకూ పాత్ర రాసుకునే వీలుంది. నిర్వచనమా, దిగుమతా, రాతా, చదువా, యంత్రం పుట్టించిన కోడ్‌లో ఉందా, పరీక్ష కోసం రాసిన కోడ్‌లో ఉందా. చివరి రెండూ చిన్నగా కనిపిస్తాయి గానీ పనిలో చాలా బరువైనవి. యంత్రం పుట్టించిన ఫైలును చేత్తో సవరిస్తే మరుసటి రోజు అది మళ్లీ పుట్టి మన సవరణను తుడిచేస్తుంది. ఫలితం పక్కన ఆ మాట ఉంటే ఒక రోజు పని మిగులుతుంది.

పాత్ర ఒక లేబుల్. నమ్మకం ఇంకో లేబుల్. నాకు రెండోదే ముఖ్యం.

సోర్స్‌గ్రాఫ్‌లో ఒక పేరు మీద నిలబడి ఇది ఎక్కడ పుట్టిందని అడిగితే, జవాబు పక్కన కచ్చితమైనదా, వెతికి తెచ్చినదా అని ఒక చిన్న ముద్ర ఉంటుంది. మొదటిదంటే కంపైలర్‌లా కోడ్‌ను విడమర్చి చదివి కట్టిన ఇండెక్స్ నుంచి వచ్చింది. రెండోదంటే పేరు కలిసింది కాబట్టి ఇదే కావచ్చని తెచ్చింది.  మైక్రోసాఫ్ట్ వారి విజువల్ స్టూడియో సీ ప్లస్ ప్లస్ కోడ్‌లో రిఫరెన్సులు వెతికేటప్పుడు ముందు పేరు కలిసినవన్నీ తెచ్చి, తర్వాత ఒక్కొక్కటీ తేల్చుకుంటూ, నిర్ధారించినవి, కావని తేలినవి, ఇంకా చూడనివి అని విడదీస్తుంది. "ఇంకా చూడలేదు" అని చెప్పే పనిముట్టును నేను నమ్ముతాను. ఊరికి కొత్తగా వచ్చిన మనిషి దారి అడిగితే, తెలిసినవాడు తెలుసంటాడు, తెలియనివాడు అటు పోయి ఇంకొకరిని అడుగు అంటాడు. ప్రమాదం తెలియకపోయినా వేలెత్తి చూపేవాడితోనే.

ఇదే వరసలో, ఏమీ దొరకలేదు అన్న జవాబునూ తూకం వేయాలి. ఫలితాలు సున్నా అంటే నిజంగా లేవా? ఇండెక్స్ కట్టడం ఇంకా పూర్తికాలేదా? గిట్‌హబ్ కోడ్ శోధన ప్రతి రిపాజిటరీలో ప్రధాన శాఖను మాత్రమే చూస్తుంది. మీరు వెతికేది నిన్న వేరే శాఖలో రాసినదైతే సున్నా వస్తుంది, అది అబద్ధమూ కాదు నిజమూ కాదు. వీఎస్ కోడ్ ఎడిటర్ మామూలుగా 20,000 ఫలితాల దగ్గర ఆగి, ఇవి మొత్తంలో కొంత భాగమేనని ఒక వాక్యం చూపుతుంది. ఆ వాక్యం లేకపోతే ఇరవై వేలే ఉన్నాయనుకుంటాం, మార్చేస్తాం, మిగిలినవి మారకుండా ఉండిపోతాయి. "లేదు", "తెలియదు", "ఇంకా ఉన్నాయి" మూడూ మూడు జవాబులు. మూడింటికీ ఒకే రకం తెర చూపడం న్యాయం కాదు.

లేబుల్ అంటే రంగు వేయడమే అనుకునేవాళ్లకు ఒక మాట. చదివిన చోట్లకు ఆకుపచ్చ, రాసిన చోట్లకు ఎరుపు వేస్తే అందంగానే ఉంటుంది. కానీ ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని మగవాళ్లు చాలా కార్యాలయాల్లో ఉంటారు. చూపు లేనివాళ్లకు తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు రంగు వినిపించదు. సమాచారాన్ని రంగు ఒక్కదానితోనే చెప్పకూడదని వెబ్ సౌలభ్య ప్రమాణాలు 1999 నుంచీ చెబుతున్నాయి. పక్కన "రాత", "చదువు" అని ఒక మాట పెట్టడానికి పట్టే చోటు మూడు అక్షరాలకు మించదు.

అక్షరాలంటే గుర్తొచ్చింది. తెలుగులో వెతికేవాళ్లకు ఇంకా కొన్ని చిక్కులున్నాయి, వాటి సంగతి ఇంగ్లిషులో వెతికేవాళ్లకు తట్టదు. బైరాన్‌పల్లి అని రాయడానికి నకార పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తును కొడతాం. అది ఉంటే పొల్లు విడిగా నిలుస్తుంది, లేకపోతే నకారం కింద పకార వత్తు పడుతుంది. మనకు రెండూ ఒకే ఊరు. గ్రెప్‌కు రెండూ వేరు మాటలు. ఇక మొదటి అక్షరం "బై" చూడండి. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా దాచొచ్చు, లేదా ఎత్వం, దాని కింద వచ్చే గుర్తు అని రెండుగా దాచొచ్చు. తెర మీద రవ్వంత తేడా కూడా కనిపించదు. ముందే ఒక తీరుకు తెచ్చి పోల్చని పనిముట్టు ఒకటి దొరికిందని, ఇంకోటి దొరకలేదని అంటుంది. రెండింటినీ కలిపి తెచ్చే పనిముట్టు మంచిదే, కాని అప్పుడు ఫలితం పక్కన అచ్చంగా కలిసిందా, దగ్గరగా కలిసిందా అని రాయాలి. ప్రోగ్రామ్‌లో కనిపించని గుర్తు ఒకటి ఉన్నా లేకున్నా అర్థం మారే చోట్లు ఉన్నాయి కాబట్టి ఈ మాట తప్పనిసరి.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టింది నిలువు వరస సంఖ్య. పనిముట్టు 12వ పంక్తి, 28వ వరస అంటుంది. 28 ఏమిటి? ధూళిమిట్ట అన్న మాటనే తీసుకోండి. మన బడి లెక్కలో ధూ, ళి, మి, ట్ట అని 4 అక్షరాలు. యూనికోడ్ లెక్కలో గుణింతాలు, పొల్లు విడివిడిగా లెక్కించి 9 సంకేతాలు. యూటీఎఫ్-8 బైట్ల లెక్కలో ఒక్కో సంకేతానికి 3 చొప్పున 27. ఆ మాట తర్వాత వచ్చే బరాబర్ గుర్తు 5వ వరసలో ఉందా, 10వ వరసలోనా, 28వ వరసలోనా అన్నది ఎవరు లెక్కపెట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇంగ్లిషులో మూడు లెక్కలూ ఒకటే కాబట్టి చాలాకాలం ఎవరికీ ఈ ప్రశ్న రాలేదు. లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ మొదట యూటీఎఫ్-16 లెక్క ఒక్కదాన్నే పట్టుకుంది. 2022 నాటి 3.17 వెర్షన్‌తో ఎడిటరూ సర్వరూ ఏ కొలతలో మాట్లాడుకోవాలో ముందే ఒప్పందం చేసుకునే వీలు వచ్చింది. జీసీసీ కంపైలర్ 2021లో వచ్చిన 11వ వెర్షన్‌లో వరస సంఖ్యను బైట్లలో చెప్పాలో, తెర మీది కొలతలో చెప్పాలో ఎంచుకోనిచ్చింది. ఎకరం, గుంట, గజం అని చెప్పకుండా ఉత్త "నలభై" అంటే ఏ రిజిస్ట్రేషనూ కాదు. సంఖ్యకు కొలత పేరే లేబుల్.

ఇక ఈ లేబుళ్లు తెలుగులో రాయాల్సి వస్తే? సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చే స్వచ్ఛంద కార్యకర్తలకు, స్వేచ్ఛ సంస్థలో పనిచేసినవాళ్లకు, ఈ బాధ బాగా తెలుసు. "ఓపెన్" అన్న ఒక్క ఇంగ్లిషు మాట బొత్తాం మీద ఉంటే "తెరువు" అనాలి, ఫైలు స్థితి చెప్పే చోట ఉంటే "తెరిచి ఉంది" అనాలి. అనువాదకుడి ముందుకు మాట ఒక్కటే వచ్చి, అది ఎక్కడిదో చెప్పే సందర్భం రాకపోతే గుడ్డిగా రాయాల్సిందే. అందుకే గెట్‌టెక్స్ట్ అనువాద ఫైళ్లలో ప్రతి మాట మీద అది ఏ సోర్స్ ఫైల్లో ఏ పంక్తిలోదో రాసి ఉంటుంది, అవసరమైన చోట సందర్భం చెప్పే గడి కూడా వేరే ఉంటుంది. ఇక్కడా అదే కథ. మాట ఒక్కటి చాలదు, గడి కావాలి. నన్నడిగితే డెఫినిషన్‌కు నిర్వచనం, రిఫరెన్స్‌కు వాడుక, కాల్‌కు పిలుపు చక్కగా కుదురుతాయి. డిక్లరేషన్‌కు ప్రకటన అంటే పేపర్ ప్రకటన గుర్తొస్తుంది. దానికింకా మంచి మాట దొరకాలి.

సంక్రాంతికి ధూళిమిట్ట పోయినప్పుడు మా అన్న ఇంట్లో ఇనుప పెట్టె తీశారు. తాతల నాటి పహాణీ నకళ్లు, సేత్వార్ కాపీ, పాస్ పుస్తకాలు, పన్ను రసీదులు. అన్న బిడ్డ వరండాలో ల్యాప్‌టాప్ పెట్టుకుని వాటిని ఒక పట్టికలోకి ఎక్కిస్తోంది. నేను వెనక నిలబడి చూశాను. మొదటి గడి పేరు. రెండోది ఆ పేరు ఏ గడిలో ఉంది, పట్టాదారా, అనుభవదారా. మూడోది సర్వే నంబరు. నాలుగోది ఏ ఏడాది. అయిదోది ఆ కాగితం మీద జిల్లా ఏమని రాసి ఉంది. ఆరోది అసలా, నకలా.

ఏడో గడి తలకట్టు చదవడానికి కళ్లజోడు తీసి పెట్టుకున్నాను.

"గిదేంది బిడ్డా?"

"కొన్ని పేర్లు సిరా చెదిరి కనవడ్తలేవు చిన్నాయనా. నాయినను అడిగి రాస్తున్న. గందుకే పెట్టిన."

ఆ గడి మీద ఆమె రాసుకున్నది: చూసి రాసిందా, విని రాసిందా.